ఏరు తెచ్చిన నేల – ఏ నేలకు ఏ గడ్డి?

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "పక్క ఊళ్ళో నేపియర్ గడ్డి మనిషెత్తు పెరిగిందండీ. అక్కడి పిలకలే తెచ్చి నాటితే మా చేలో ఎర్రబారి చచ్చిపోయింది. ఎందుకని?" అని. పిలకలు అవే, కాలువ నీరు అదే, వానా అదే. తేడా నేలలో ఉంది. గేదె పాలు గడ్డిని బట్టి, గడ్డి నేలను బట్టి ఉంటాయి కనుక, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నేలలు ఎలా ఏర్పడ్డాయో, వాటిని మనం ఎలా వాడుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మట్టిని మోసినవారెవరు?

నేలకు మూలం రాయి. ఎండకు, వానకు, చెట్ల వేళ్ళకు రాయి చితికి పొడి అవుతుంది. అందులో ఆకూ అలమూ కుళ్ళి కలిసి, కంటికి కనపడని జీవులు చేరితే అది పంట నేల అవుతుంది. అయితే చాలా ప్రాంతాల్లో రాయి చితికిన చోటు ఒకటి, మట్టి చేరిన చోటు మరొకటి. మధ్యలో ఎవరో మోసి ఉండాలి.

పాల సహకార సంఘాలకు పేరుపొందిన డెన్మార్కు దేశంలో మట్టిని మోసినది మంచు. పూర్వం మంచుయుగంలో కొండంత మందాన మంచు ఆ దేశంలో చాలా భాగాన్ని కప్పి, రాళ్ళను నూరుకుంటూ కదిలింది. చివరిసారి ఆ మంచు జట్లాండ్ నడుమ ఆగిపోయింది. మంచు నిలిచిన తూర్పు వైపున బంకమట్టి కలిసిన సారవంతమైన నేల మిగిలింది. మంచు కరిగి నీరు పారిన పడమటి వైపున ఇసుక నేల మిగిలింది. 1882లో డెన్మార్కులో మొదటి సహకార పాల కేంద్రం వెలసిన హెడ్డింగ్ గ్రామం ఆ పడమటి జట్లాండ్‌లోనే ఉంది. సారం తక్కువైన ఆ పడమటి నేలలను అక్కడి రైతులు సున్నపుమట్టి తోలి, పశువుల ఎరువు వేసి బాగుచేసుకున్నారు.

మన ప్రాంతానికి ఆ మంచు రాలేదు. కాని దాని ప్రభావం వచ్చింది. సుమారు 20,000 ఏళ్ళ క్రితం ప్రపంచంలోని నీరు అంత మంచుగా గడ్డకట్టి ఉండటం వల్ల సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగువన ఉండేది. మంచు కరిగిన కొద్దీ సముద్రం పైకి వచ్చింది. సుమారు ఆరేడువేల ఏళ్ళ క్రితం ఆ పెరుగుదల బాగా తగ్గింది. ఆ తరువాతనే కృష్ణమ్మ సముద్రాన్ని పూడ్చి నేటి డెల్టాను ముందుకు పెంచగలిగింది. ఘంటసాల ఇందుకు సాక్ష్యం. రెండవ శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న "కంటకోస్సిల" అనే రేవు ఇదేనని చరిత్రకారులు గుర్తిస్తారు. ఈనాడు ఘంటసాలకు సముద్రం ఎంత దూరమో మనందరికీ తెలుసు.

కృష్ణానది మహాబలేశ్వరం వద్ద పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి వస్తుంది. ఎగువన దక్కను పీఠభూమిలో ఆరున్నర కోట్ల ఏళ్ళనాటి లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి ఉంది. ఆ రాయి చితికితేనే నల్లరేగడి. మన చేలల్లో వేసవిలో నెర్రెలు విచ్చే నల్లమట్టిలో చాలా భాగం అంత దూరం నుంచి వచ్చినదే. మంగినపూడి తీరాన కాలికి అంటుకునే నల్లమట్టిని చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

నాలుగు రకాల నేలలు

వరద గట్టు దాటగానే నీటి వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక, గరుకు మట్టి ముందుగా గట్టు పక్కనే దిగుతాయి. సన్నని బంకమట్టి నీటితో దూరంగా పోయి, పల్లంలో నిలిచి, నెమ్మదిగా పేరుకుంటుంది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే మన నేలల్లో సగం తేడా అర్థమవుతుంది. మిగిలిన సగం సముద్రం పని.

1. ఏటి ఒడ్డు ఒండ్రు, గరప నేలలు: లంకల్లోను, పులిగడ్డ వద్ద చీలిన ఏటి పాయల వెంబడి అవనిగడ్డ, మోపిదేవి వైపు గట్టు పక్కన ఇవి కనపడతాయి. నీరు ఇంకుతుంది, వేరుకు గాలి అందుతుంది. నేపియర్, మొక్కజొన్న, జొన్న, అలసంద అన్నీ బాగా వస్తాయి.

2. పల్లపు నల్లరేగడి: గుడివాడ చుట్టుపక్కల నుంచి కొల్లేటి వైపు పోయేకొద్దీ ఎక్కువ. సారం ఉంది, వరికి పెట్టినది పేరు. కాని నీరు నిలిస్తే నేపియర్ వేరు కుళ్ళి ఎర్రబారుతుంది. ఇక్కడ వరి కోతకు ముందు చేలో తడి ఉండగానే పిల్లిపెసర, జనుము చల్లుకోవడం మన పెద్దల నాటి పద్ధతి. దానిని విడువరాదు. కాలువ గట్ల కింద, ఊట దిగే చోట్ల పారాగడ్డి వేసుకోవాలి.

3. ఇసుక దిబ్బలు: ఇవి ఒకప్పటి సముద్రపు ఒడ్డులు. సముద్రం వెనక్కు జరిగిన కొద్దీ తీరానికి సమాంతరంగా వరుసలుగా మిగిలాయి. వాన నీరు ఇంకి దిబ్బ కింద తియ్యని నీరుగా నిలుస్తుంది. అయితే ఆ తియ్యనీరు ఉప్పునీటి మీద తేలుతున్న పొర మాత్రమే. పెద్ద మోటార్లు పెట్టి తోడితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. ఇక్కడ పేడ ఎరువు బాగా వేసి, కొద్ది కొద్ది తడులతో సజ్జ, జొన్న, అలసంద పెంచుకోవచ్చును.

4. ఉప్పు పర్రలు, చౌడు నేలలు: మచిలీపట్నం, కృత్తివెన్ను తీరం, దివిసీమలో కోడూరు, నాగాయలంకల దిగువన పోటునీరు తగిలే చోట్ల ఉన్నాయి. ఉప్పును కొంతవరకు తట్టుకునే పారాగడ్డి, రోడ్స్ గడ్డి, పచ్చిరొట్టకు జీలుగ ఇక్కడ పనికివస్తాయి.

ఒకే సంఘం పరిధిలో ఈ నాలుగింటిలో రెండు మూడు రకాలు ఉండవచ్చును. ఊరంతటికీ ఒకే రకం పిలకలు తెప్పించే ముందు కార్యదర్శులు ఈ సంగతి చూసుకోవాలి.

ఉప్పు ఎలా వస్తుంది?

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఆ నీటిని చేలలోకి తెచ్చాయి. 1977లో దాదాపు పదివేల మంది ప్రాణాలు పోయాయి. పశువుల నష్టానికి అంతు లేదు. చేలలో చేరిన ఉప్పును మళ్ళీ వానలు, కాలువల మంచినీరు కడిగి మురుగు కాలువల్లోకి పంపాలి.

ఉప్పెన లేకపోయినా ఉప్పు వస్తుంది. భూమిలో రెండు మీటర్ల లోపున ఉప్పునీరు ఉంటే, దీపపు వత్తి నూనెను లాగినట్లు బంకమట్టి దానిని పైకి లాగుతుంది. వేసవిలో నీరు ఆవిరై పోయి ఉప్పు మిగులుతుంది. ఉప్పునీటి రొయ్యల చెరువుల ఊట పక్క చేలకు దిగినా ఇదే ఫలితం.

నేల మీద తెల్లని పొర కట్టేది పాలచౌడు. పేరులో పాలున్నా పాడికి శత్రువే. గట్లు కట్టి, మంచినీరు పెట్టి, మురుగును బయటికి తీస్తే ఇది బాగవుతుంది. ఉదజని సూచిక 8.5 దాటి, తడిస్తే జిగటగా, ఎండితే రాయిలా ఉండేది కారుచౌడు. దీనికి పరీక్షలో చెప్పిన మోతాదులో జిప్సం వేసి, ఆ తరువాత నీరు పెట్టి తీయాలి. మురుగు కాలువ పూడి ఉంటే ఈ రెండు పనులూ వృథా.

కొత్త ఒండ్రు తగ్గింది

ఇక ముఖ్యమైన సంగతి. 1855లో బెజవాడ ఆనకట్ట, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చి మన డెల్టాకు నిలకడగా నీరిచ్చాయి. 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగర్, తరువాత శ్రీశైలం, ఎగువన ఆలమట్టి వచ్చాయి. వీటివల్ల కలిగిన మేలు చెప్పనలవికాదు. అయితే జలాశయంలో నీరు నిలిచినప్పుడు ఒండ్రు అడుగున దిగిపోతుంది. దిగువకు వచ్చే ఒండ్రు పూర్వంతో పోలిస్తే చాలా తగ్గింది. వేల ఏళ్ళుగా ఏరు ఉచితంగా పెట్టిన ఎరువు ఇక మన చేతిమీదుగానే పడాలి.

ఆ ఎరువు మన కొట్టంలోనే ఉంది. పెద్ద గేదె రోజుకు సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. ఏడాదికి అయిదు టన్నుల పైమాట. చివికి సగానికి తగ్గినా, రెండు గేదెల ఎరువు ఎకరానికి సిఫారసు చేసే నాలుగు టన్నులకు సరిపోతుంది. పాలు కేంద్రానికి పోసి, పేడను పిడకలకో బేరానికో ఇచ్చేస్తే చేనికి మిగిలేదేమిటి? గుంట తీసి, పైన నీడ వేసి, కొట్టంలో పరచిన చెత్తకు మూత్రం పట్టించి అందులో వేయండి. వరిగడ్డిని చేలో కాల్చవద్దు. అది ముందు మేత, తరువాత ఎరువు.

సంఘాలు చేయవలసిన పని

వేసవిలో చేలు ఖాళీగా ఉన్నప్పుడే మట్టి పరీక్షకు అదను. చేలో ఎనిమిది, పది చోట్ల పైచెత్త తీసివేసి, ఇంగ్లీషు 'వి' ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, అంచు వెంబడి పైనుంచి కిందికి పలుచగా మట్టి చెక్కండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసివేస్తూ అరకిలో మిగలనివ్వండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప దగ్గర తీయరాదు. చౌడు చేలల్లో మూడడుగుల లోతు వరకు పొరపొరకు వేరు నమూనా తీయాలి.

పాలకవర్గంవారు సభ్యుల నమూనాలను ఒకేసారి భూసార పరీక్షా కేంద్రానికి పంపించి, ఫలితాలను పాల కేంద్రంలో గోడమీద రాయించవలసిందని మా మనవి. ఎవరి చేను ఏ రకమో తేలిన తరువాతనే గడ్డి విత్తనాలకు, పిలకలకు ఇండెంటు పెట్టండి. పాలలో వెన్న శాతం చూడకుండా మనం డబ్బు లెక్క కట్టం గదా. నేలను చూడకుండా విత్తనానికి డబ్బు ఎందుకు పెట్టాలి?