పిల్లలకు ఫ్లూ రాకుండా కాపాడుకుందాం

పిల్లవాడికి ముక్కు కారితే "పడిశమేలే, రెండు రోజుల్లో తగ్గిపోతుంది" అనుకుంటాము. చాలాసార్లు అది నిజమే. కాని పడిశం వేరు, ఫ్లూ వేరు. పడిశం మెల్లగా మొదలవుతుంది. ఫ్లూ ఒక్కసారిగా పట్టుకుంటుంది. ఎక్కువ జ్వరం, చలి, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు, నీరసం దీని లక్షణాలు. చిన్నపిల్లలకు వాంతులు, విరేచనాలు కూడా కావచ్చు. చాలామంది వారం రోజుల్లో కోలుకుంటారు. కొందరికి మాత్రం న్యుమోనియాగా మారి ప్రాణం మీదికి వస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలకు, ముఖ్యంగా రెండేళ్లలోపు వారికి, ఉబ్బసం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్న పిల్లలకు ఈ ప్రమాదం ఎక్కువ.

ఎలా అంటుకుంటుంది?

ఫ్లూ వైరస్ వల్ల వస్తుంది. జబ్బు ఉన్నవారు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వచ్చే తుంపర్ల ద్వారా పక్కవారికి సోకుతుంది. ఆ తుంపర్లు పడిన మంచం కమ్మీలు, తలుపు గొళ్లాలు, ఆటబొమ్మలు, సెల్‌ఫోన్లు ముట్టుకుని, అదే చేత్తో ముక్కు, కళ్లు తుడుచుకున్నా సోకుతుంది. లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందు నుంచే ఇది ఇతరులకు అంటుకోగలదు. కాబట్టి "నాకేమీ లేదు, బాగానే ఉన్నాను" అనే బంధువు కూడా తెలియకుండానే వైరస్‌ను వార్డులోకి తీసుకురావచ్చు.

టీకా గురించి తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

"టీకాలన్నీ వేయించాము కదా, మళ్లీ ఇదెందుకు?"

పెంటావాలెంట్ టీకాలో ఉండే హిబ్ పూర్తి పేరులో ఇన్‌ఫ్లుయెంజా అనే మాట ఉంది. కాని హిబ్ ఒక బాక్టీరియా. ఫ్లూకు కారణం ఈ రకం బాక్టీరియాయేనని 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పొరబడటం వల్ల ఆ పేరు వచ్చింది. హిబ్ టీకా ఫ్లూను ఆపదు. ఫ్లూ టీకా విడిగా వేయించాలి.

"ఎప్పుడు, ఎన్నిసార్లు?"

ఆరు నెలలు నిండినప్పటి నుంచి వేయించవచ్చు. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి వేయించేటప్పుడు కనీసం 4 వారాల తేడాతో రెండు మోతాదులు అవసరం. తరువాత ఏడాదికి ఒకటి చాలు. టీకా పని చేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. మన ప్రాంతంలో వానాకాలంలో ఫ్లూ ఎక్కువ కనుక, వానలు మొదలయ్యే ముందే వేయించడం మంచిది.

"ప్రతి ఏడూ ఎందుకు?"

ఫ్లూ వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది. అందుకే టీకాను కూడా ఏటా సరిచూసి తయారు చేస్తారు. మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు 2009 మే నెలలో హైదరాబాదులో బయటపడింది. ఆ రకం వైరస్ పోలేదు. ఇప్పుడు ఏటా వచ్చే ఫ్లూలలో అదీ ఒకటి. టీకాలో దానికి కూడా రక్షణ ఉంది.

"టీకా వల్లే ఫ్లూ వస్తుందట?"

రాదు. సూదిమందు టీకాలో బ్రతికి ఉన్న వైరస్ ఉండదు. సూది వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం ఉండవచ్చు. టీకా వేయించినా కొందరికి ఫ్లూ రావచ్చు కాని, ప్రమాదకరంగా మారే అవకాశం తగ్గుతుంది.

ఆరు నెలలలోపు పసిబిడ్డకు ఈ టీకా వేయరు. గర్భిణి టీకా వేయించుకుంటే పుట్టబోయే బిడ్డకు తొలి నెలల్లో రక్షణ దొరుకుతుంది. ఇంట్లోవారు కూడా వేయించుకోవడం మంచిది.

వార్డులో పాటించవలసినవి

1. జ్వరం, దగ్గు, జలుబు ఉన్నవారు పిల్లల వార్డుకు రాకూడదు. బిడ్డ దగ్గర ఒకరు ఉంటే చాలు.
2. బిడ్డను ముట్టుకునే ముందు, తరువాత సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు రుద్ది కడుక్కోవాలి.
3. దగ్గు, తుమ్ము వస్తే మోచేతి మడత అడ్డం పెట్టుకోవాలి. బిడ్డ ముక్కును చీర కొంగుతో తుడవవద్దు. కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయాలి.
4. పక్క మంచం పిల్లలతో గ్లాసులు, చెంచాలు, బొమ్మలు పంచుకోవద్దు.
5. తల్లికి ఫ్లూ వచ్చినా పాలు మానవద్దు. మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వాలి. రెండేళ్లలోపు బిడ్డకు మాత్రం మాస్కు కట్టకూడదు.

వెంటనే డాక్టరుకు చూపించండి

ఆయాసపడుతున్నా, ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా, పాలు, నీళ్లు తాగకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, తగ్గిన జ్వరం మళ్లీ వచ్చినా ఆలస్యం చేయవద్దు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. యాంటీబయాటిక్ మందులు ఫ్లూ వైరస్‌పై పనిచేయవు. మందుల షాపులో అడిగి సొంతంగా వాడవద్దు. ఫ్లూకు వేరే మందు ఉంది. అది మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అవసరమా కాదా అన్నది డాక్టరు చెబుతారు.

ఆసుపత్రిలో ఉన్న బిడ్డను చూడటానికి రాలేదని చుట్టాల మీద నిష్ఠూరపడటం మనలో ఉన్నదే. ఒంట్లో బాగాలేనివారు ఇంట్లోనే ఉండి ఫోనులో పలకరిస్తే, వార్డులోని పిల్లలందరికీ మేలు చేసినవారవుతారు. ఈ మాట మీ బంధువులకు కూడా చెప్పండి.