ఇంజను పొగకు దారి

శృంగవరపుకోట దాటితే ఘాటు రోడ్డు. అనంతగిరి మీదుగా అరకు వెళ్లే దారిలో చాలా దూరం ఎక్కుడే. పాత అంబాసిడర్ పెట్రోలు కారు మూలుగుతూ ఎక్కుతుంది. లోపల కాలిన ఆయిలు వాసన. చంటిపిల్లలు వాంతి చేసుకుంటారు. మలుపుల వల్ల కళ్లు తిరిగాయని తల్లులు అనుకుంటారు. ఒక్కోసారి కారణం ఇంజనే.

ఇంజనులో పెట్రోలు మండి పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ చుట్టూ రింగులు ఉంటాయి. ఎంత మంచి రింగులైనా వాటి సందుల్లోంచి కొంచెం పొగ కిందికి జారుతుంది. కింద ఆయిలు ఉండే గది ఉంది. దాని పేరు క్రాంక్‌కేసు.

ఎసరు మరిగేటప్పుడు మూత బిగిస్తే ఏమవుతుంది? ఆవిరి మూతను తోసుకొని వస్తుంది. ఇక్కడా అంతే. దారి లేని పొగ సీళ్లను తోస్తుంది. ఆయిలు కారుతుంది. లోపలి ఆయిలు బురదలా మారుతుంది.

పాత కార్లలో ఈ పొగను గాలిలోకి వదిలేసేవారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1961 నుంచి కొత్త కార్లకు వేరే పద్ధతి పెట్టారు. పొగను ఇంజనుకే తాగించి కాల్చేయడం!

ఎలా? కార్బురేటరుకు, ఇంజనుకు మధ్య ఇన్‌టేక్ మానిఫోల్డు ఉంటుంది. ఇంజను అందులోంచి గాలి పీలుస్తుంది. ఆ పీల్పునే మెకానిక్కులు వాక్యూం అంటారు. పాత కారుకైనా అక్కడ చిన్న కనెక్షను పెట్టవచ్చు. ఆయిలు గది నుంచి గొట్టం తెచ్చి దానికి తగిలిస్తారు. మధ్యలో పి.సి.వి. వాల్వు ఉండి తీరాలి. లేకుంటే ఇంజను గాలి ఎక్కువ పీల్చి ఆగిపోతుంది. ఆయిలు కూడా తాగేస్తుంది. గొట్టం ఆయిలుకు, వేడికి ఆగే రకం కావాలి. సైకిలు ట్యూబు పనికిరాదు.

రెండో గొట్టాన్ని చాలామంది మరిచిపోతారు. అది ఎయిర్ ఫిల్టరు నుంచి ఆయిలు గదికి మంచి గాలి తెస్తుంది. ఘాటు ఎక్కేటప్పుడే దాని విలువ తెలిసేది. యాక్సిలేటరు గట్టిగా నొక్కితే పీల్పు తగ్గుతుంది, పొగ పెరుగుతుంది. మిగిలిన పొగ ఆ గొట్టంలోంచే వెనక్కి, ఫిల్టరు గుండా ఇంజనులోకి పోతుంది. కారులోకి రాదు.

డీజిలు జీపుకు ఈ పని చేయకూడదు. అందులో అంత పీల్పు ఉండదు. రింగులు బాగా అరిగిపోతే గొట్టం మందు కాదు, రింగులే మార్చాలి.

పని అయ్యాక కార్బురేటరు మళ్లీ సరిచేయించాలి. తర్వాత పరీక్ష. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా రెండో గొట్టం నొక్కిపట్టాలి. ఆయిలు మూత తీసి, ఆ కన్నం మీద కాగితం పెట్టాలి. కాగితం అతుక్కుంటే పీల్పు ఉన్నట్టే. ఎగిరిపోతే వాల్వో గొట్టమో పూడుకుపోయి ఉండవచ్చు. చూసేటప్పుడు చీర కొంగు బిగించి దోపుకోవాలి. ముందే ఫ్యాను తిరుగుతూ ఉంటుంది.