యుద్ధకాలంలో పత్రికాచిత్రం

యుద్ధకాలంలో పత్రికలోని బొమ్మ రెండు పనులు చేస్తుంది: అధికారాన్ని పరిహసించడం, దాచిన నిజాన్ని చూపడం. 1939 సెప్టెంబరులో లండన్ వ్యంగ్యచిత్రకారుడు డేవిడ్ లో, నేలకొరిగిన పోలెండుకు ఇరువైపులా నిలిచి హిట్లర్, స్టాలిన్‌లు ఒకరికొకరు వంగి అభివాదం చేసుకొంటున్నట్లు చిత్రించారు. ఇది మొదటి పని.

రెండవదానికి ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. 1943 బెంగాల్ కరవులో చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లా గ్రామాలు తిరిగి, ఆకలికి కృశించినవారిని నల్లసిరాతో చిత్రించారు. పలు బొమ్మలకు ఆ మనిషి పేరు, ఊరు జతచేశారు. వాటితో ‘హంగ్రీ బెంగాల్’ పుస్తకం వెలువడగా, బ్రిటిష్ ప్రభుత్వం దాదాపు 5,000 ప్రతులను స్వాధీనపరచుకొని తగులబెట్టింది. కుటుంబం భద్రపరచిన ఒక ప్రతి మిగిలింది. 2011లో అది పునర్ముద్రితమైంది.

పరిహాసాన్ని పాలకులు ఒక్కొక్కప్పుడు సహిస్తారు. పేరూ ఊరూ గల సాక్ష్యాన్ని మాత్రం సహించలేరు.