రాజకీయాలకు మనస్సాక్షి అవసరమా?



“రాజకీయాలన్నాక ఇవన్నీ మామూలే” అనే మాట మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. ఈ మాట వెనుక అయిదు వందల ఏళ్ళనాటి వాదమొకటి ఉన్నది. ఐరోపా పునరుజ్జీవన కాలంలో ఇద్దరు మేధావులు దీనిపై రెండు భిన్నమైన దారులు చూపించారు.

మొదటివాడు ఇటలీలోని ఫ్లోరెన్సు నగరానికి చెందిన మాకియవెల్లి. 1512లో మెడిచి వంశంవారు తిరిగి అధికారంలోకి రాగా ఆయన ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు ‘ది ప్రిన్స్’ అనే చిన్న గ్రంథం వ్రాశాడు. చెడును మంచి అని ఆయన అనలేదు. కాని అధికారం నిలవాలంటే, అవసరాన్నిబట్టి పాలకుడు మంచిని ప్రక్కన పెట్టడం నేర్చుకోవాలన్నాడు. తనకు చేటు తెచ్చే మాటను నిలుపుకోనక్కరలేదన్నాడు. సద్గుణాలన్నీ ఉండనవసరం లేదు, ఉన్నట్లు కనిపించాలన్నాడు.

రెండవవారు ఇంగ్లండుకు చెందిన పునీత థామస్ మోర్. దొంగలను ఉరితీసే రాజ్యం, వారిని దొంగలుగా మార్చే పేదరికాన్ని ఎందుకు తొలగించదని 1516లో వెలువడిన ‘యుటోపియా’లో ప్రశ్నించారు. 1529లో ఛాన్సలరు పదవి చేపట్టారు. ఆయన న్యాయస్థానంలో వ్యాజ్యం గెలిచిన ఒక స్త్రీ, నూతన సంవత్సర కానుకగా చేతి తొడుగులు తెచ్చి, వాటిలో బంగారు నాణేలు ఉంచిందని ఆయన అల్లుడు రోపర్ వ్రాశారు. మోర్ తొడుగులను మర్యాదగా స్వీకరించి, నాణేలను తిరిగి ఇచ్చివేశారు. మనస్సాక్షికి విరుద్ధమైన ప్రమాణం చేయనందుకు 1535 జూలై 6న శిరచ్ఛేదం పొందారు. 2000 అక్టోబరు 31న జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు ఆయనను రాజకీయ నాయకులకు పాలక పునీతునిగా ప్రకటించారు.

నాడు ఫ్లోరెన్సులో అధికారం ఒక వంశం చేతిలో ఉండేది. నేటి ప్రజాస్వామ్యంలో ఓటున్న ప్రతివారి చేతిలోనూ ఉన్నది. కనుక మాకియవెల్లి శోధన నాయకులకే కాదు, మనకూ వస్తుంది. “అది మన డబ్బేగదా, తీసుకుని నచ్చినవారికే వేద్దాం” అంటాము. మేలు కలుగుతుందని కీడు చేయరాదని పునీత పౌలుగారి బోధ (రోమీ 3:8). ఓటుకు డబ్బివ్వడమే కాదు, తీసుకోవడమూ చట్టరీత్యా నేరమే. పైగా డబ్బు పుచ్చుకున్న నోటితో రేపు రోడ్డు ఏదని, మందులేవని ఎలా అడుగుతాము?

ఓటడగటానికి వచ్చినవారిని కూర్చోబెట్టండి, మంచినీళ్ళివ్వండి. కవరు మాత్రం తిరిగి ఇవ్వండి. మీ పిల్లలు చూస్తుంటారు.

కుటుంబ ప్రార్థన తరువాత ఆలోచించండి:
1. గత ఎన్నికలలో మన ఇంటి ఓట్లను నిర్ణయించినదేమిటి?
2. గెలిచినవారు ఇచ్చిన మాటలలో ఏది నిలుపుకున్నారో మనం ఎప్పుడైనా అడిగామా?