బిడ్డను కొత్తగా బడిలో వేశారా?

ప్రతి సంవత్సరం జూన్ మూడో వారం వచ్చేసరికి మా పిల్లల ఓపీలో ఒక రకమైన కేసులు ఎక్కువవుతాయి. అందరూ మూడేళ్ళు, నాలుగేళ్ళు, ఐదేళ్ళ పిల్లలే. "పొద్దున లేస్తూనే కడుపునొప్పి అంటున్నాడు సిస్టరమ్మా" అంటుంది ఒక తల్లి. "అన్నం ముట్టడం లేదు" అంటుంది ఇంకో తల్లి. "పక్క తడపడం ఎప్పుడో మానేసింది, మళ్ళీ మొదలుపెట్టింది" అని ఒక నాయనమ్మ చెబుతుంది. చూస్తే జ్వరం ఉండదు. డాక్టరు గారు పొట్ట నొక్కితే మెత్తగానే ఉంటుంది. అప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, "బాబును బడిలో ఎప్పుడు వేశారమ్మా?" అని. చాలామంది "పోయిన వారమే" అంటారు.

ఆసుపత్రిలో మీ వాళ్ళకు తోడుగా ఉండి ఈ పుస్తకం చదువుతున్న మీ ఇళ్ళలో కూడా ఇలాంటి చిన్నపిల్లలు ఉండవచ్చు. ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉండగా బిడ్డ బడికి కొత్తగా వెళ్ళవలసి వస్తే అది మరీ కష్టం. ఆ సంగతి విడిగా రాశాను. తప్పక చదవండి.

బిడ్డ ఎందుకు ఏడుస్తాడు?

బిడ్డ మొండివాడై ఏడవడం లేదు. మూడు, నాలుగేళ్ళ బిడ్డకు గడియారం తెలియదు. "నాలుగు గంటలకు వస్తాను" అంటే వాడికి అర్థం కాదు. అమ్మ కనిపించడం లేదు, ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆ భయమే ఏడుపు. అందుకని బిడ్డకు తెలిసిన గుర్తులతో చెప్పాలి. "నువ్వు పాట పాడతావు, బాక్సులో అన్నం తింటావు, కాసేపు పడుకుంటావు, లేచాక గంట కొడతారు, గంట కొట్టగానే నేను గేటు దగ్గర ఉంటాను" అని ప్రతిరోజూ ఒకే వరుసలో చెప్పండి. చెప్పిన మాట ప్రకారం గేటు దగ్గర ఉండండి. మొదటి నెలలో పది నిమిషాలు ఆలస్యమైనా బిడ్డకు అది పెద్ద సంగతే.

కొందరు పిల్లలు మొదటి వారం హుషారుగా వెళ్ళి రెండో వారంలో ఏడుపు మొదలుపెడతారు. దీనికి తల్లులు కంగారుపడతారు, బడిలో ఎవరో ఏదో అన్నారని అనుమానిస్తారు. అడిగి తెలుసుకోవడం మంచిదే. కానీ చాలాసార్లు కారణం వేరు. కొత్త బ్యాగు, కొత్త బూట్ల సరదా తీరిపోయి, ఇక రోజూ వెళ్ళాలన్న సంగతి వాడికి అప్పుడే అర్థమవుతుంది. ఎక్కువమంది పిల్లలు కొద్ది వారాలలో సర్దుకుంటారు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మా చిన్నమ్మాయిని మొదటిరోజు బడికి తీసుకువెళ్ళినప్పుడు నాకు మార్నింగ్ డ్యూటీ. ఆలస్యమవుతోంది. పాప బొమ్మలతో ఆడుకుంటూ ఉంటే, "చూడకుండా వెళ్ళిపోండి, ఏడవదు" అని అక్కడి ఆయమ్మ చెప్పింది. నర్సునై ఉండి కూడా ఆ మాట విని వెనక నుంచి వచ్చేశాను. ఆ రోజు ఏడ్చిందో లేదో నాకు తెలియదు గానీ, ఆ తరువాత మూడు నెలలు నేను వంటింట్లోకి వెళ్ళినా నా చీర పట్టుకునే తిరిగింది. బాత్రూముకు వెళితే తలుపు దగ్గర కూర్చునేది. అమ్మ ఎప్పుడైనా మాయమైపోవచ్చని నేనే దానికి నేర్పాను. కాబట్టి బిడ్డకు చెప్పే వెళ్ళండి. ఏడ్చినా సరే. ఒకసారి ముద్దు పెట్టి, "గంట కొట్టాక వస్తా" అని చెప్పి, టీచరు చేతికి ఇచ్చి, ఆగకుండా వెళ్ళిపోండి. గేటు దగ్గర పావుగంట నిలబడి కన్నీళ్ళు పెట్టుకోవడం వలన బిడ్డకు భయం ఇంకా పెరుగుతుంది.

ఇంకొక మాట. "అల్లరి చేస్తే బడిలో పడేస్తా", "టీచరమ్మ తోలు తీస్తుంది చూడు" అని ఏడాదంతా భయపెట్టి, జూన్‌లో నవ్వుతూ బడికి వెళ్ళమంటే ఏ బిడ్డ వెళ్తాడు? (మా పేరు చెప్పి, "సిస్టరుతో సూది వేయిస్తా" అని కూడా భయపెడుతుంటారు. దయచేసి మానండి. వాడికి నిజంగా జ్వరం వచ్చిన రోజు మమ్మల్ని దగ్గరకు రానివ్వడు.)

ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు

ఒకసారి మా వార్డులో ఆపరేషన్ అయిన ఒక తల్లి దగ్గరకు వాళ్ళ అత్తగారు నాలుగేళ్ళ మనవడిని తీసుకువచ్చింది. వాడు బడి అంటే చాలు, గుమ్మం పట్టుకుని వదలడం లేదట. కొట్టినా కదలడం లేదట. కొంచెం నిదానంగా అడిగితే సంగతి బయటపడింది. వాడు బడికి వెళ్ళిన మూడో రోజునే తల్లికి నొప్పి వచ్చి ఆటోలో ఆసుపత్రికి తెచ్చారు. వాడు ఇంటికి వచ్చేసరికి అమ్మ లేదు. అడిగితే "ఊరెళ్ళింది" అన్నారు. వాడి లెక్క చాలా సూటిగా ఉంది. తాను బడికి వెళితే అమ్మ పోతుంది. ఇప్పుడు మళ్ళీ వెళితే నాయనమ్మ కూడా పోతుంది.

తల్లి మంచం పక్కన కూర్చోబెట్టి, "నువ్వు బడికి వెళ్ళినందుకు అమ్మకు నొప్పి రాలేదు నాన్నా, నువ్వు ఇంట్లో ఉన్నా వచ్చేది, డాక్టరు గారు బాగుచేశారు" అని తల్లి చేతనే చెప్పించాము. కట్టు చూపించాము. ఎప్పుడు ఇంటికి వస్తుందో వేళ్ళతో లెక్కపెట్టించాము. ఒక్క రోజులో మారిపోయాడని చెప్పను. రెండు రోజులు ఏడుస్తూనే వెళ్ళాడట. కానీ వెళ్ళాడు.

మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉంటే బిడ్డకు అబద్ధం చెప్పకండి. "ఊరెళ్ళింది" అన్న మాట పెద్దలకు తేలిక, బిడ్డకు మాత్రం చెప్పకుండా వదిలేసి పోయినట్లే. జబ్బు పేరు అక్కర్లేదు. "అమ్మకు బాగాలేదు, ఆసుపత్రిలో ఉంది, మందులు ఇస్తున్నారు" అంటే చాలు. బాగా జబ్బుగా ఉంటే "రేపు వచ్చేస్తుంది" అని తేదీ మాత్రం చెప్పకండి. ఆ రోజు రాకపోతే ఇక మీ మాట నమ్మడు. బడికి దింపేది, తీసుకువచ్చేది ఈ రోజుల్లో ఒక్కరే అయితే మంచిది. ఒకరోజు బాబాయి, ఒకరోజు పక్కింటివాళ్ళు అయితే బిడ్డ తికమక పడతాడు. అమ్మ రుమాలో, చిన్న చీర ముక్కో బ్యాగులో పెట్టండి. సాయంత్రం ఒకే వేళకు ఫోనులో మాట్లాడించండి. టీచరుకు ఇంటి పరిస్థితి రెండు ముక్కల్లో చెప్పండి. చెప్పడానికి చాలామంది నామోషీ పడతారు. చెప్పకపోతే వాడి ఏడుపును ఆమె పెంకితనం అనుకుంటుంది. తోడుగా ఉన్నవాళ్ళే ఇంటి దగ్గర పిల్లలను కూడా చూసుకోవలసి వస్తే, వార్డు సిస్టరుతో మాట్లాడండి. బడి వదిలే వేళకు మీరు వెళ్ళివచ్చేలా వీలు ఉంటుందేమో చూస్తాము.

పొద్దుటి కడుపునొప్పి అబద్ధమా?

కాదు. భయం వేస్తే పెద్దవాళ్ళకు కూడా కడుపులో తిప్పుతుంది. పరీక్ష రోజు, ఇంటర్వ్యూ రోజు గుర్తు తెచ్చుకోండి. మెదడుకూ పేగులకూ నరాల సంబంధం ఉంది. బిడ్డకు నిజంగానే నొప్పిగా ఉంటుంది. "నాటకాలాడకు" అని కసరవద్దు. అలాగని ఆ పూట బడి మాన్పించి టీవీ ముందు కూర్చోబెట్టవద్దు. నొప్పి వస్తే ఇంట్లో ఉండవచ్చని నేర్చుకుంటాడు. పొట్ట నిమిరి, గోరువెచ్చని నీళ్ళు తాగించి, దొడ్డికి కూర్చోబెట్టి, ఆ తరువాత బడికి పంపండి.

ఆదివారం, సెలవు రోజుల్లో రాని నొప్పి, బొడ్డు చుట్టూ చూపించే నొప్పి, పది గంటలయ్యేసరికి తగ్గి ఆడుకునే నొప్పి చాలావరకు భయం వలన వచ్చేదే. కానీ నిద్రలో నుంచి లేపే నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకచోటే చూపించే నొప్పి, జ్వరం, ఆగని వాంతులు, పచ్చటి వాంతి, మలంలో రక్తం, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా బడి మీదకు నెట్టేయకుండా డాక్టరుకు చూపించాలి.

మూత్రం ఆపుకునే పిల్లలు

ఈ సంగతి తల్లులు అడగరు, పిల్లలు చెప్పరు. అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

ఒక ఐదేళ్ళ పాపకు రెండు నెలల్లో మూడుసార్లు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. ప్రతిసారీ మందులు వాడారు, తగ్గింది, మళ్ళీ వచ్చింది. చివరకు తెలిసింది ఏమంటే ఆ పాప పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా మూత్రానికి వెళ్ళడం లేదు. బడిలో బాత్రూము చీకటిగా ఉంటుంది, తలుపు గడియ తనకు రాదు, అడిగితే టీచరు కోప్పడుతుందేమోనని భయం. వెళ్ళవలసిన అవసరం రాకుండా నీళ్ళు తాగడం కూడా మానేసింది. వాటర్ బాటిల్ నిండుగా ఇంటికి వస్తుంటే "మా పాపకు దాహం తక్కువ" అనుకున్నారు.

ఆడపిల్లలలో మూత్రనాళం పొట్టిగా ఉండడం వలన క్రిములు తొందరగా పైకి చేరతాయి. మూత్రం గంటల తరబడి నిలవ ఉంటే అవి పెరుగుతాయి. దొడ్డికి ఆపుకుంటే మలం గట్టిపడి, వెళ్ళేటప్పుడు నొప్పి పుట్టి, ఆ భయంతో మరింత ఆపుకుంటారు. కొన్నాళ్ళకు బట్టలలోనే కొద్దికొద్దిగా పోతుంది. అది మురికితనం కాదు, మలబద్ధకం.

బడిలో వేసే ముందు మీరే బిడ్డను బడి బాత్రూముకు తీసుకువెళ్ళి చూపించండి. నీళ్ళు ఉన్నాయా, మగ్గు అందుతుందా, గడియ వస్తుందా చూడండి. బెల్టులు, హుక్కులు వద్దు. సాగే ఎలాస్టిక్ ఉన్న నిక్కరు వేయండి. బడిలో ఏమని అడగాలో ఇంట్లో నేర్పండి. ఇంట్లో "ఒంటేలు" అని అలవాటైన బిడ్డకు ఇంగ్లీషు మీడియం బడిలో ఏ మాట అనాలో తెలియక బట్టలు తడుపుకున్న సందర్భాలు నాకు తెలుసు. సాయంత్రం "ఏం చదివావు?" అనే ముందు వాటర్ బాటిల్ చూడండి.

ఐదేళ్ళ లోపు పిల్లలు రాత్రి పక్క తడపడం మామూలే. ఆరు నెలలకు పైగా మానేసిన బిడ్డ మళ్ళీ మొదలుపెడితే అది బెంగ వలన కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వలన కావచ్చు. దాహం విపరీతంగా ఉండి, సన్నబడుతుంటే షుగరు కూడా కావచ్చు. చిన్నపిల్లలకు షుగరు రాదనుకోకండి. అదే రోజు తీసుకురండి. తిట్టడం, నలుగురిలో చెప్పి సిగ్గుపరచడం వలన ఏదీ తగ్గదు.

చేయి తిరగడం లేదని కొట్టకండి

బిడ్డ మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలుగా ఉండవు, మెత్తటి మృదులాస్థిగా ఉంటాయి. ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వచ్చి ఆరేడేళ్ళకు గాని వాటిలో ఏడు ఎక్స్‌రేలో కనిపించవు. మూడున్నరేళ్ళ బిడ్డ చేత నాలుగు గీతల పుస్తకంలో పేజీలు రాయించడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి. ఆ వయసులో పిండి పిసకడం, ఇసుకలో గీయడం, బఠాణీలు ఏరడం వంటివి వేళ్ళకు మంచి పని. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఆరేళ్ళ వరకు ఆటపాటలతోనే నేర్పాలని చెప్పింది. ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలి. మన దగ్గర అంగన్‌వాడీలో చేసేది అదే. పక్కింటివాళ్ళ పాప రైమ్స్ చెబుతోందని మీ బిడ్డను తక్కువ చేయకండి.

బడిలో పిల్లలను కొట్టడాన్ని, మాటలతో హింసించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. "మా వాడిని రెండు వేయండి మాస్టారూ" అని మీరే చెప్పి రావద్దు.

బలపం తినే పిల్లలు కనిపిస్తే అది చెడ్డ అలవాటు అనుకుని వదిలేయకండి. బలపం, మట్టి, సున్నం తినే పిల్లలలో చాలామందికి రక్తం తక్కువగా ఉంటుంది. రక్తపరీక్ష చేయించాలి. నులిపురుగుల మాత్ర ఆరు నెలలకు ఒకసారి అంగన్‌వాడీలోను, బడిలోను ఉచితంగా ఇస్తారు.

టీచరు "పిలిస్తే పలకడం లేదు" అని చెబితే పొగరు అనుకోకుండా చెవులు పరీక్ష చేయించండి. జలుబు తరువాత చెవిలో నీరు చేరినా సరిగా వినపడదు. పుస్తకం కళ్ళ దగ్గర పెట్టుకునేవారికి, తల ఒక పక్కకు వంచి చూసేవారికి, మెల్లకన్ను ఉన్నవారికి కంటి పరీక్ష తప్పనిసరి. ఏడేళ్ళ లోపు సరిచేస్తే మందగించిన చూపు బాగుపడే అవకాశం ఎక్కువ. మెల్లకన్ను అదృష్టమని వదిలేసినవాళ్ళు పదేళ్ళ తరువాత తీసుకువస్తే మేము చేయగలిగింది చాలా తక్కువ.

నిద్ర, తిండి, జలుబు

ఈ వయసు పిల్లలకు రోజుకు పది గంటలు నిద్ర కావాలి. సీరియళ్ళు అయ్యేవరకు మేలుకున్న బిడ్డ పొద్దున ఏడవక ఏం చేస్తాడు? ఇడ్లీ అయినా, పెరుగన్నం అయినా ఏదో ఒకటి తినకుండా పంపవద్దు. మొదటి ఏడాది జలుబులు మామూలే, ఆరు నుంచి ఎనిమిది సార్లు రావచ్చు. ప్రతిసారీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజు ఇంట్లో ఉంచండి. ఆటలమ్మ పోసిన బిడ్డను పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేవరకు బడికి పంపకూడదు.

నెల దాటినా రోజూ వాంతి చేసుకునేంత ఏడుస్తున్నా, ఇంట్లో కూడా మాటలు తగ్గిపోయినా, ఒక మనిషిని చూసి మాత్రమే భయపడుతున్నా, స్నానం చేయించేటప్పుడు ఒంటి మీద వాతలు, కమిలిన గుర్తులు కనిపించినా ఆలస్యం చేయకండి. బిడ్డను గట్టిగా నిలదీయకుండా, ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాడు చెప్పింది చెప్పినట్లు వినండి. తరువాత మా దగ్గరకు తీసుకురండి. వచ్చేటప్పుడు టీకాల కార్డు తెచ్చుకోండి. ఐదు, ఆరేళ్ళ మధ్య వేయవలసిన డి.పి.టి. రెండో బూస్టర్ చాలామందికి మిగిలిపోయి ఉంటోంది. అది కూడా చూస్తాము.