రక్తపరీక్ష రిపోర్టుకు సమయం ఎందుకు పడుతుంది?

"రక్తం తీసి గంటయింది, రిపోర్టు ఇంకా రాలేదేమిటి సిస్టర్?" అని రోగుల బంధువులు తరచుగా అడుగుతుంటారు. మనవారు మంచం మీద ఉన్నప్పుడు ఆత్రుత సహజమే. ఆ గంటలో ల్యాబ్‌లో ఏమి జరుగుతుందో తెలిస్తే మనసు కొంత కుదుటపడుతుంది.

తేట వేరు కావాలి

కిడ్నీ, లివర్ పరీక్షలను సాధారణంగా రక్తం గడ్డకట్టాక మిగిలే లేత పసుపురంగు తేటతో చేస్తారు. దీనినే సీరం అంటారు. బురదనీళ్ళను బిందెలో కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగి, తేటనీరు పైన నిలుస్తుంది కదా! సెంట్రిఫ్యూజ్ అనే యంత్రం ఇదే పనిని త్వరగా చేస్తుంది. ట్యూబులను రంగులరాట్నంలా, నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిప్పుతుంది. బరువైన రక్తకణాలు అడుగుకు చేరి, సీరం పైన నిలుస్తుంది.

తొందరపడితే నష్టమే

మామూలు ట్యూబులో రక్తం గడ్డకట్టడానికి సుమారు 30 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత యంత్రంలో 10 నిమిషాలు తిప్పాలి. పరీక్ష మొదలయ్యేది ఆ తర్వాతే. సరిగా గడ్డకట్టకముందే తిప్పితే సీరంలో సన్నని పోగులు మిగిలి ఫలితం తప్పుగా రావచ్చు. రక్తకణాలను లెక్కించే పరీక్షకు ఇలా తిప్పే పని లేదు. అందుకే ఒకేసారి తీసిన రక్తమైనా ఒక రిపోర్టు ముందు, మరొకటి తర్వాత వస్తాయి.

మళ్ళీ రక్తం తీయడం ఎందుకు?

కొన్నిసార్లు ట్యూబులో ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. ఎర్రకణాలలో పొటాషియం ఎక్కువ. అది సీరంలో కలిస్తే, రోగి ఒంట్లో లేని పొటాషియం రిపోర్టులో కనిపిస్తుంది. ఆ అంకెను నమ్మి మందు ఇస్తే గుండెకే ప్రమాదం. కాబట్టి మళ్ళీ రక్తం అడిగితే కోపగించుకోకండి. పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఒక్కో ట్యూబుకు తీసేది 2 నుండి 5 మిల్లీలీటర్లే. దానివల్ల నీరసం రాదు.

మీరు చేయగల సహాయం

1. ట్యూబు మీద రాసిన పేరు, వయసు మీ రోగివేనా అని అక్కడే చూడండి.

2. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. అలాంటివారి రక్తం ఆలస్యంగా గడ్డకడుతుంది.

3. పరగడుపున రమ్మన్నప్పుడు రోగి ఏమైనా తిని ఉంటే దాచకండి. భోజనంలోని కొవ్వు వల్ల సీరం పాలలా తెల్లబడవచ్చు.

4. ట్యూబును మీ చేతికిచ్చి ల్యాబ్‌కు పంపితే ఊపకండి, ఎండలో ఉంచకండి, దారిలో ఆగకుండా అందించండి.

రిపోర్టు కోసం ఎదురుచూసే సమయంలో ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి అలసిపోకండి. రోగి పక్కన కూర్చుని, చేయి పట్టుకుని ప్రార్థించండి. మీరు దగ్గరుండటమే వారికి ధైర్యం.