గోదావరి తీరం నుంచి సుదూర సముద్రయానం: ఏ ఎలక్ట్రానిక్ పటం మేలు?

ప్రశ్న: కాకినాడ నుంచి అండమాన్‌కు తెరచాప పడవలో వెళ్లేవారు ఎలాంటి ఎలక్ట్రానిక్ పటాలు ఎంచుకోవాలి? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: అచ్చుపటాన్ని ఉన్నదున్నట్టు చిత్రంగా మార్చినది రాస్టర్ పటం కాగా, లోతు, దీపస్తంభం, బోయా వంటి ప్రతి అంశాన్నీ విడివిడి సమాచారంగా పొందుపరచి, పడవకు చాలని లోతు ఎదురైతే ముందే హెచ్చరించే వీలు కల్పించేది వెక్టర్ పటం కనుక, సుదూర ప్రయాణానికి రెండోదే మేలు. భారత జలాలకు అధికారిక పటాలను డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం వెలువరిస్తుంది. ప్రైవేటు సంస్థల పటాలు వాడుకకు ఎంత సులువైనా, వాటికి ఆధారం ఏ సంవత్సరపు సర్వేనో చూడకుండా కొనడం తగదు.

ఈ జాగ్రత్త గోదావరి తీరానికి మరీ అవసరం. వరదలు తెచ్చే ఒండ్రు వల్ల వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయలు సముద్రంలో కలిసే చోట ఇసుకమేటలు నిలకడగా ఉండవు. కాకినాడ అఖాతానికి అడ్డుగా నిలిచిన హోప్ దీవి సైతం నది తెచ్చిన ఇసుకతో ఏర్పడినదే. తెరపై పటాన్ని ఎంత పెద్దది చేసినా సర్వేలో కొలవని లోతు అందులో కనిపించదు కాబట్టి, సమాచారం ఎంత నమ్మదగినదో తెలిపే శ్రేణిని ముందుగా పరిశీలించాలి. పక్షానికోసారి వెలువడే నావికుల ప్రకటనలతో పటాన్ని సవరించుకోవడం, విద్యుత్తు పోతే పనికొచ్చేలా అచ్చుపటాన్ని వెంట ఉంచుకోవడం తప్పనిసరి. నదీముఖాలను దాటేటప్పుడు మాత్రం ఏ పటం కన్నా స్థానిక మత్స్యకారుల సలహాకూ, లోతు కొలిచే పరికరానికీ ఎక్కువ విలువ ఇవ్వాలి.